ముప్పై ఒకటి, పదిహేడు

మా అన్న ముప్పై ఒకటి, మా వదిన పదిహేడు. అవి వాళ్ల వయసులు కావు. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో వాళ్ల పరీక్ష రిపోర్టుల మీద వచ్చిన అంకెలు. ఆ రెండు అంకెలు పట్టుకుని మా చుట్టాలంతా ఏడాది పొడుగునా మాట్లాడారు. ఇప్పటికీ ఎవరైనా ఆ మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. అందులో సగం మంట నా మీద నాకే.

నేను మహబూబాబాద్‌లో సర్కారు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ఊరు నర్మెట్ట. అక్కడ మా అమ్మ ఒక్కతే ఉంటుంది, మేం అవ్వ అని పిలుస్తాం. మా నాన్న, బాపు, చనిపోయి చాలా ఏళ్లయింది. అన్న భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పనిచేస్తాడు. అన్నా వదినా అక్కడి క్వార్టర్‌లో ఉంటారు. ఇంట్లో ఎవరికి తల నొచ్చినా ఫోన్ నాకే వస్తుంది. డాక్టర్‌ని కానని ఎన్నిసార్లు చెప్పినా మా వాళ్లకు తెల్లకోటు వేసుకున్నవాళ్లంతా ఒకటే.

ఆ రోజుల్లో మాకు ఒక బడి వరండాలో డ్యూటీ వేశారు. పొద్దున ఎనిమిదింటికల్లా వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయేది. ఒక్కొక్కరి ముక్కులో పుల్ల పెట్టి తిప్పి, గొట్టంలో వేసి, మూత బిగించి, పేరు రాయాలి. ప్లాస్టిక్ సూటు లోపల చెమట పాదాల దాకా కారేది. మధ్యాహ్నం ఆ సూటు విప్పి గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు అన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, మా ఇద్దరికీ పాజిటివ్ వచ్చింది. రిపోర్టు పంపిన, చూసినవా?"

భూపాలపల్లిలో ఒక ప్రైవేటు ల్యాబుకు సాంపిళ్లు ఇచ్చారట. ఫోన్లో రిపోర్టులు తెరిచాను. పాజిటివ్ అన్న మాట పక్కనే సీటీ అంకె వేసి ఉంది. అన్నది ముప్పై ఒకటి, వదినది పదిహేడు.

"గీ అంకె ఏంది చెల్లె? ఎక్కువుంటె మంచిదా, తక్కువుంటె మంచిదా?"

అది చెప్పడం నాకు చేతనవును. మిషన్‌లో పెట్టిన సాంపిల్‌లో వైరస్ జాడ ఉంటే, మిషన్ దాన్ని విడతకు రెట్టింపు చేసుకుంటూ పోతుంది. ఎన్నో విడతకు అది కంటికి ఆనిందో అదే ఆ అంకె. వైరస్ ఎక్కువుంటే తొందరగా ఆనుతుంది కాబట్టి అంకె చిన్నదవుతుంది. తక్కువుంటే ఆలస్యం, అంకె పెద్దది.

"అంకె పెద్దగుంటె వైరస్ తక్కువున్నట్టు. నీకు తక్కువున్నది. వదినెకు శాన ఎక్కువున్నది" అన్నాను.

"అయితె నాకేం కాదు?"

"ఏం కాదు. వదినెను జర చూస్కో."

అన్నం డబ్బా మూత తీస్తూ చెప్పిన మాట ఇది. ఎదురుగా వరసలో ఇంకా నలభై మంది ఉన్నారు. జ్వరం మొదలై ఎన్ని రోజులైందని నేను అడగలేదు. నా పనే అది. పొద్దుటి నుంచి ప్రతి మనిషినీ అదే అడిగి కాగితం మీద రాస్తున్నాను. నా సొంత అన్నను మాత్రం అడగలేదు.

గొంతులోనూ ముక్కులోనూ వైరస్ మొదటి రోజుల్లోనే ఎక్కువుంటుంది. తర్వాత తగ్గుతూ పోతుంది. కానీ ఆ జబ్బులో మనుషులు కూలబడేది చాలాసార్లు రెండో వారంలో. అప్పటికి ముక్కులో వెతికితే వైరస్ కొంచెమే దొరుకుతుంది, లోపల ఊపిరితిత్తులు మాత్రం చెడుతూ ఉంటాయి. పుల్ల సరిగ్గా లోపలికి పోకపోయినా అంకె మారిపోతుంది. వైరస్ ఎక్కువున్నవాళ్లలో జబ్బు ముదిరేవాళ్లు ఎక్కువే అన్న మాటలో నిజం లేకపోలేదు. కానీ ఒక మనిషికి ఒక రోజు వచ్చిన అంకె చూసి అతనికి ఏమవుతుందో చెప్పడం కుదరదు. ఇవన్నీ నాకు అప్పుడే తెలుసు. తెలిసీ "ఏం కాదు" అన్నాను.

సాయంత్రానికల్లా ఆ మాట నర్మెట్ట చేరింది. అక్కడ మా చిన్నాయిన ఉన్నాడు. బాపుకు తమ్ముడు. ఒకప్పుడు సర్పంచ్‌గా చేశాడు, ఇప్పటికీ ఊళ్లో నలుగురు ఆయన మాట వింటారు. ఆయన వెంటనే భూపాలపల్లికి ఫోన్ చేసి ఏం చేయాలో పురమాయించాడు. వదిన వెనక గదిలో ఉండాలి, తలుపు తీయొద్దు. ఆమె పళ్లెం వేరు, గ్లాసు వేరు. అన్న ముందరి గదిలో ఉండాలి. అన్నకు తగ్గిపోయినట్టే కాబట్టి వండటం, వదినకు కిటికీలోంచి అన్నం అందించడం అతని పని. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ ఒకటి తెప్పించి వదినకిచ్చారు. పొద్దున, సాయంత్రం చూసి వదిన అంకె పంపేది. తొంభై ఎనిమిది. మళ్లీ తొంభై ఎనిమిది. ఆమెకు రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు, తర్వాత నోటికి రుచి పోవడం, అంతే.

అన్న వేలికి ఆ మీటర్ ఎవరూ పెట్టలేదు. నేను కూడా పెట్టమనలేదు.

పరీక్ష అయిన నాలుగో రోజు పొద్దున వదిన ఫోన్ చేసింది. నేను అప్పుడే సూటు వేసుకోబోతున్నాను.

"మీ అన్న మాట సగంల ఆపుతుండు" అంది. "కిటికి కాడికొచ్చి చాయ్ ఇచ్చి, మంచం కాడికి పోయేటాలకు దమ్మొస్తుంది. అడిగితె ఏం లేదంటుండు."

"మీటర్ పెట్టి చూడున్రి."

"పెట్టుకోమంటె పెట్టుకుంటలేడు. నాది ముప్పై ఒకటి, గా మీటర్ నీకే కావాలె అంటుండు."

"ఫోన్ ఆయనకియ్యి."

"ఎట్లియ్యాలె? ఆయన మంచం కాడున్నడు, మీ చిన్నాయిన చెప్పిండని నా తలుపుకు బయటికెల్లి గొళ్లెం పెట్టిండు."

నాకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. తలుపు తీయొద్దని చిన్నాయిన చెప్పాడంటే, ఆమె తీయకూడదని చెప్పాడనుకున్నాను. బయటి నుంచి గొళ్లెం పెడతారని అనుకోలేదు. వదిన మాత్రం అప్పటికే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తలుపు గొళ్లెం అందుకోడానికి చూస్తోంది. ఫోన్ కింద పెట్టిన చప్పుడు, గాజులు ఇనుప చువ్వలకు తగిలిన చప్పుడు వినిపించాయి. కాసేపటికి గొళ్లెం ఊడింది.

తర్వాత మాటలు దూరంగా వినబడ్డాయి. "దగ్గరికి రాకు" అని అన్న. "వేలు పట్టు" అని వదిన. ఆ తర్వాత వదిన ఫోన్ తీసుకుంది.

"ఎనభై ఆరు."

వెనక నుంచి అన్న, "మీటర్ ఖరాబైంది" అంటున్నాడు. ఆ ముక్క చెప్పడానికే అతను రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు. వదిన మీటర్ తన వేలికి పెట్టుకుని చూసింది. "నాకు తొంభై ఎనిమిదే చూపెడుతుంది, ఖరాబు కాలే" అంది. వెంటనే దవాఖానకు తీసుకుపొమ్మన్నాను.

కాలనీలో ఒకాయన కారు తీశాడు. బొగ్గు కంపెనీ దవాఖానలో ఆక్సిజన్ పెట్టి, మధ్యాహ్నానికి వరంగల్‌కు పంపారు. పాజిటివ్ కాబట్టి వదినను వెంట రానివ్వలేదు. నేను మా సాంపిళ్లు తీసుకుపోయే బండిలో, ఐస్ డబ్బాల పక్కన కూర్చుని వరంగల్ చేరాను. అన్నను చూసినప్పుడు మొదట గుర్తు పట్టలేదు. మూతికి మాస్కు, చొక్కా గుండీలన్నీ విప్పి ఉన్నాయి, పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని నర్మెట్ట నుంచి జాతరకు నడిచినవాడు.

డ్యూటీలో ఒక లేడీ డాక్టర్ ఉంది. ఆమె ఎన్ని గంటలుగా నిలబడి ఉందో కళ్లు చెబుతున్నాయి. నేను టెక్నీషియన్‌నని చెప్పి, రిపోర్టు చూపించబోయాను.

"మేడం, సీటీ ముప్పై ఒకటి వచ్చింది. వైరస్ తక్కువే ఉండె, మరి గిట్లెందుకైంది?"

ఆమె ఫోన్ వంక కూడా చూడలేదు. "ఆ అంకె నాకేం పనికిరాదమ్మా. ల్యాబులో పనిచేస్తానంటున్నవు, నీకు తెల్వదా? జ్వరం మొదలై ఎన్నో రోజు?"

"ఐదో రోజు అనుకుంట."

అన్న మాస్కుతోనే తల అడ్డంగా ఊపాడు. రెండు చేతులూ పైకెత్తి వేళ్లన్నీ చాపాడు. పది.

నేను లెక్క కట్టుకున్నాను. పరీక్షకు ఇచ్చిన రోజుకే అతనికి జ్వరం వచ్చి ఆరో రోజు. వదినకు మాత్రం ఆ పొద్దునే ఒళ్లు కాలింది. అన్న ఐదు రోజులు జ్వరం గోలీలు వేసుకుని, వదినతో "ఎండ కొట్టింది" అని చెప్పి, షిఫ్టులకు కూడా పోయాడు. వదినకు జ్వరం రావడంతో పక్కింటివాళ్లు పట్టుబడితే ఇద్దరూ పోయి సాంపిల్ ఇచ్చారు. అన్న ముక్కులో వైరస్ తక్కువ దొరికింది అతనిది చిన్న జబ్బు అయినందుకు కాదు, పాతబడినందుకు. వదినకు ఎక్కువ దొరికింది ఆమెకు అప్పుడే మొదలైనందుకు. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఫోన్లోనే తెలిసిపోయేది.

"స్టెరాయిడ్ మొదలుపెడుతున్నం" అంది డాక్టర్. "ఇప్పుడు వైరస్ కంటే ఒంట్లో వాపు ఎక్కువ పని చేస్తున్నది. రెండు రోజుల ముందు తీసుకొస్తే బాగుండేది." తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అన్న పద్దెనిమిది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. నేను మధ్యలో డ్యూటీకి పోయి వచ్చాను. మూడో రోజు చిన్నాయిన ఫోన్ చేశాడు.

"పదిహేడున్నదాని పక్కన పండె, ఇగ కాకపోతె ఏమైతది? గంత వైరస్ అంతా వాని మీదికొచ్చింది. నేను ముందుగాలనే చెప్పిన, దాన్ని దూరం పెట్టున్రని."

"చిన్నాయినా, జరం మొదలు వచ్చింది అన్నకు. అన్నకెల్లే వదినెకు వచ్చింది."

"వానికి తక్కువున్నదని నువ్వే గద చెప్పినవు? తక్కువున్నోని నుంచి ఎక్కువున్నదానికి ఎట్లొస్తది? నీళ్లు మిట్టకు పారుతయా?"

సాంపిల్ తీసిన రోజు ఉన్నది వేరు, వారం కింద ఉన్నది వేరని చెప్పబోయాను. అప్పటికే ఫోన్ పెట్టేశాడు.

అన్న ఇంటికి వచ్చాక గాలి మార్పు కోసం నర్మెట్ట తీసుకొచ్చారు. చిక్కి సగమయ్యాడు. పెరట్లో నుంచి అరుగు దాకా నడిచి కూర్చునేవాడు. వదిన వంట చేస్తే అవ్వ తినేది కాదు. ఎవరూ చూడకుండా తన ముద్ద తను వండుకునేది. నెల దాటినా అంతే. ఒక ఆదివారం నేను పోయి అవ్వను కూర్చోబెట్టాను. కాలెండర్ గోడ మీంచి తీసి, అన్నకు జ్వరం వచ్చిన రోజు మీద వేలు పెట్టాను. వదినకు వచ్చిన రోజు మీద పెట్టాను. పరీక్ష రోజు చూపించాను.

"పాము కరిచిందనుకో అవ్వా. కరిచినంక పాము పోతది. గప్పుడొచ్చి ఇంట్ల ఎంత వెతికినా పాము కనబడదు. మరి విషం లేనట్టా? అన్నకు గట్లనే అయింది. పాము పోయినంక వెతికినం. వదినెకు అప్పుడే ఇంట్లకొచ్చిన పామును చూసినం. ఆమె పానం గట్టిది, తట్టుకున్నది. ఆమె తప్పేమున్నది?"

అవ్వ చాలాసేపు కాలెండర్ వంక చూసింది. ఆమెకు చదువు రాదు గానీ తిథులు, వారాలు నాకంటే బాగా తెలుసు. అర్థమైందనే అనుకున్నాను.

"గంత సదువు సదివినవు" అంది చివరికి. "మరి గప్పుడు వానికి ఏం కాదని ఎందుకు చెప్పినవు బిడ్డా?"

అవ్వ కాలెండర్‌ను మళ్లీ మేకుకు తగిలించి వంటింట్లోకి పోయింది.

బయట అరుగు మీద అన్న ఉన్నాడు. అంతా విన్నాడని తెలుసు. "జరం నాకే ముందొచ్చిందని ఒక్క మాట అవ్వతోని చెప్పరాదు అన్నా? చిన్నాయినతోని చెప్పరాదు?" అన్నాను.

"అయిపోయిందాన్ని తవ్వుకుంట కూసుంటె ఏమొస్తది?"

"వదినె ముంగట గిట్ల చేస్తుంటె నీకేం అనిపిస్తలేదా?"

"దవాఖానకు పోయినోళ్లు మల్ల వస్తలేరు అన్నరు, భయపడ్డ" అన్నాడు. వేరే ప్రశ్నకు జవాబు చెబుతున్నట్టు. "ఫోన్ల నీ మాట విన్నంక పానం నిమ్మళమైంది. ముప్పై ఒకటి అంటె బతికినట్టే అనుకున్న." అంత మాట్లాడేసరికి దగ్గు వచ్చి ఆపాడు. కోపంతో మొదలుపెట్టినదాన్ని, అతని వీపు నిమురుతూ నిలబడ్డాను. మా అన్నతో కొట్లాడటం ఎప్పుడూ ఇంతే, మధ్యలోనే ఆగిపోతుంది.

వదిన వంటింటి వెనక బట్టలు ఉతుకుతోంది. ఆమె దగ్గరికి పోయి, నేను తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. ఆమె చీర పిండి దండెం మీద వేసింది.

"అందరూ ఫోన్లు చేసిన్రు" అంది. "నువ్వు చేసినవు, మీ చిన్నాయిన చేసిండు, మా తల్లిగారోళ్లు చేసిన్రు. ఎంతున్నది, ఎంతున్నది అనే అడిగిన్రు. ఎట్లున్నవని ఒక్కలు అడగలే. ఆయన్ను గూడ అడగలే. అడిగితె రెండో రోజే చెబుతుంటి, రాత్రంత దగ్గుతుండని."

ఆ ఏడాది బాపు తద్దినానికి అందరం నర్మెట్టలో కలిశాం. చుట్టాలు ఇరవై ముప్పై మంది. జనగామ నుంచి మేనత్తలు వచ్చారు. మగవాళ్లు మొదటి వరసలో భోజనాలకు కూర్చున్నారు. వదిన పప్పు వడ్డిస్తోంది. చిన్నాయిన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, పక్కవాళ్ల వంక చూసి నవ్వాడు.

"అమ్మో, పదిహేడు నంబర్ వచ్చింది. జర దూరంకెల్లి వడ్డించు తల్లీ."

నలుగురైదుగురు నవ్వారు. ఆ పేరు అప్పటికే పాతబడిందని ఆ నవ్వును బట్టి నాకు తెలిసింది. వదిన గిన్నెతో అలాగే నిలబడింది. నేను నీళ్ల చెంబు కింద పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాను. ఏం మాట్లాడానో సగం గుర్తు లేదు. అన్నకు జ్వరం వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టి చెప్పాను. గొళ్లెం పెట్టిన సంగతి చెప్పాను. కిటికీలోంచి చెయ్యి పెట్టి గొళ్లెం తీసి, బయటికి వచ్చి ఆమె మీటర్ పెట్టకపోతే ఈ ఇంట్లో ఇంకో తద్దినం ఉండేదన్నాను. అవ్వ "అన్నాల కాడ గివేం మాటలు" అంటూ నా నోరు మూయబోయింది. చిన్నాయిన "ఆడపిల్ల ఎట్ల ఒర్రుతుందో చూడున్రి" అన్నాడు.

అప్పుడు అన్న తన విస్తరి వంక చూస్తూ, "జరం నాకే ముందు వచ్చింది" అన్నాడు. "ఎవలకు చెప్పలే. నా నుంచే ఆమెకంటింది."

నేను ఎదురుచూసిన మాట అది. నెలల తరబడి ఎదురుచూశాను. ఆ మాట పడితే ఇల్లంతా ఒక్కసారి ఆగిపోతుందని అనుకున్నాను. చిన్నాయిన, "సరే తియ్, ఎవలకెవలు అంటిస్తేంది, అందరం బతికినం" అని పచ్చిపులుసు తెమ్మన్నాడు. పక్కాయన ఈసారి వరి ధర ఎట్ల ఉంటుందో అన్నాడు. మాట అటు పోయింది. వదిన అన్న విస్తట్లో పప్పు వేసి పక్క మనిషి దగ్గరికి పోయింది.

సాయంత్రం వాళ్లను జనగామ బస్టాండు దాకా తీసుకుపోయాను. హనుమకొండ పోయి అక్కడ భూపాలపల్లి బస్సు పట్టుకోవాలి. అన్న బస్సు మెట్లు ఎక్కి, మొదటి సీటులోనే కూర్చుని ఊపిరి సర్దుకున్నాడు. బాయిలో అతన్ని ఇప్పుడు కిందికి దింపడం లేదు, పైన పనిచేయిస్తున్నారు. వదిన సంచి పైన పెట్టి, కిటికీ దగ్గరికి వంగింది.

"ఇగ నా కోసం ఎవలతోని లొల్లి పెట్టుకోకు. మీ అన్న చెప్పిండు గద. గంతే చాలు."

"చాలదు వదినె" అన్నాను.

ఆమె కొంచెం నవ్వింది. నాకోసం నవ్వినట్టే ఉంది, ఆమెకు నవ్వు వచ్చి కాదు. బస్సు కదిలింది. నేను నర్మెట్ట ఆటో కోసం రోడ్డు దాటాను. ఆటోలో నా పక్కన కూర్చున్న ఒక పెద్దమ్మ ఎందుకు బిడ్డా గట్ల పండ్లు కొరుకుతున్నవని అడిగింది. ఏం లేదని చెప్పాను.

అవ్వ ఇప్పుడు వదిన వండితే తింటుంది. ఎప్పుడు మొదలుపెట్టిందో తెలియదు, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చిన్నాయిన పెళ్లిళ్లలో ఇప్పటికీ ఆ కథ తనకు నచ్చినట్టే చెబుతాడట. నేను ఆయన ఇంటికి పోవడం మానేశాను.